సీటు కింద గీతలు

కంపు కొట్టే కారు తలుపు తీసినప్పుడు ముక్కు మూసుకోకూడదన్నది కార్ల సీట్లు ఉతికే తమ షెడ్డులో అత్తగారు పెట్టిన నియమం. ఓనరు పక్కనే ఉంటాడు, నొచ్చుకుంటాడు. అందుకని టీచరమ్మ కారు తలుపు తీయగానే అత్తగారు తల లోపలికి పెట్టి, ఊపిరి పీల్చి, బయటికి తీసి ఒకే మాట అంది.

"పాలు."

"మీకెలా తెలిసింది?" అంది టీచరమ్మ.

"పెరుగైతే పులుపు తెలుస్తుంది. కోడిగుడ్డయితే మీరు ఇక్కడిదాకా నడుపుకుంటూ రాగలిగేవాళ్ళు కాదు. తుడిచి ఊరుకున్నారా?"

"తుడిచాను. సెంటు కూడా కొట్టాను."

"అయితే ఇప్పుడది సెంటు కొట్టుకున్న కుళ్ళుపాలు," అన్నాడు అల్లుడు వెనక నుంచి.

ఆ మాట ఎందుకన్నాడో అతనికే తెలియలేదు. ఇంట్లో రెండు నెలల పిల్ల ఉంది. పగలంతా పడుకుని రాత్రంతా లేచి ఉండాలని ఆ పిల్ల పుట్టకముందే తీర్మానించుకున్నట్టుంది. పిల్ల పుట్టినప్పటి నుంచి అతనికి తెల్లవారుజామున ఒక కునుకు తప్ప నిద్ర లేదు. నోటికీ బుర్రకీ మధ్య ఉండాల్సిన కాపలావాడు ఎక్కడో కూలబడి ఉన్నాడు.

అత్తగారు అతని వైపు చూసింది. "అల్లుడుగారూ, మీరు వెళ్ళి పానాలూ సాకెట్లూ తెచ్చుకోండి," అంది.

మామూలుగా ఆవిడ అతన్ని "అల్లుడూ, నువ్వు" అనే పిలుస్తుంది. గారూ మీరూ వచ్చాయంటే కోపం వచ్చిందని అర్థం. మర్యాద ఎంత పెరిగితే కోపం అంత.

టీచరమ్మ మాత్రం నవ్వింది. ఆ మధ్యాహ్నానికల్లా కారు కావాలని అడిగింది. వాళ్ళమ్మకి తుంటి ఆపరేషన్ అయింది. పక్క ఊరి ఆసుపత్రిలో ఆ సాయంత్రం డాక్టరుకి చూపించాలి. పోయినసారి ఈ వాసనకి ఆవిడ వీధి చివరే వాంతి చేసుకుని, ఇక కారెక్కనని మొండికేసి, ఇంటికి తిరిగి వచ్చేసింది. బస్సులో తీసుకెళ్ళడానికి లేదు. కారులో కూడా ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపి, కాలు చాపి కూర్చోవాలి. కుదుపు తగలకూడదు. ఈసారి కూడా చూపించకపోతే అతికిన ఎముక ఎలా ఉందో తెలియదు.

"పెద్దాయన ఉన్నప్పుడొకసారి వానకి తడిసిందని సీట్లు తీసి ఎండబెట్టించాను," అంది టీచరమ్మ. "ఆయన లేరా?"

"లేరు," అంది అత్తగారు. "పోయి ఎనిమిది నెలలు. మధ్యాహ్నం రండి. రెడీగా ఉంటుంది."

సీట్లు ఊడదీయడమంటే నాలుగు బోల్టులు విప్పి పక్కన పెట్టడమేగా అనుకుంటారు చూసేవాళ్ళు. షెడ్డులో ఆ పని బోల్టులతో మొదలవదు, తాళంచెవితో మొదలవుతుంది. అత్తగారు తాళంచెవి తీసుకుని ఏప్రన్ జేబులో వేసుకుని జేబు గుండీ పెట్టేస్తుంది. సీట్లు మళ్ళీ లోపల కూర్చునేదాకా ఆ గుండీ ఊడదు. సీటు కింది ప్లగ్గులు తీసి ఉండగా ఎవరైనా తాళం తిప్పితే మీటర్లో ఎయిర్‌బ్యాగు లైటు వెలుగుతుంది. దాన్ని ఆర్పించడానికి మళ్ళీ కంపెనీ సర్వీసుకి పరిగెత్తాలి. అంతటితో పోతే అదృష్టం. పోకపోతే సీటు పక్కన కుట్టి ఉన్న ఎయిర్‌బ్యాగు, మీద వంగి పనిచేస్తున్నవాడి దవడ పగలగొడుతుంది.

తాళం తర్వాత బ్యాటరీ. నెగటివ్ వైరు ఊడదీసి, దాని కొసకి గుడ్డ చుట్టి పక్కకి వంచాలి. ఊడదీసినా లోపల ఇంకా కాస్త కరెంటు మిగిలి ఉంటుంది. అది చచ్చేదాకా ఆగాలి. ఎంతసేపు అంటే మామగారు గడియారం చూసేవాడు కాదు. "టీ తాగి వచ్చేంతసేపు" అనేవాడు. ఆ కొలతే ఇప్పటికీ నడుస్తోంది.

అల్లుడు బ్యాటరీ విప్పి టీ కొట్టుకి వెళ్ళాడు.

"రావయ్యా, రా," అన్నాడు టీ కొట్టాయన. "ఇల్లరికం అల్లుళ్ళని చాలామందిని చూశాంగాని, షెడ్డరికం అల్లుణ్ణి నిన్నే చూస్తున్నాను. ఏమంటోంది అత్తగారు?"

"ఇవాళ పొద్దున్నే గారూ అంది."

"అమ్మో. అయితే టీలో పంచదార ఎక్కువ వేస్తాను."

బల్ల మీద కూర్చుని గ్లాసు పట్టుకున్నాడు. ఒక గుక్క తాగిన సంగతి గుర్తుంది. కళ్ళు తెరిచేసరికి గ్లాసు చేతిలో లేదు. టీ కొట్టాయన దాన్ని తీసి పక్కన పెట్టి ఉన్నాడు.

"ఒలికిపోతుందని తీశాను. పోయి మొహం కడుక్కో," అన్నాడు. నవ్వలేదు.

షెడ్డుకి వచ్చి పని మొదలుపెట్టాడు. సీటు వెనక్కి జరిపి ముందు బోల్టులు, ముందుకి జరిపి వెనక బోల్టులు. వెనక బోల్టుల మీద ప్లాస్టిక్ మూతలుంటాయి, సన్నటి స్క్రూడ్రైవరుతో లేపి జేబులో వేసుకున్నాడు. సీటు వెనక్కి వాల్చి, కింద చెయ్యి పెట్టి, పసుపుపచ్చ ఎయిర్‌బ్యాగు ప్లగ్గు గొళ్ళెం నొక్కి లాగాడు. దాన్ని వైరు పట్టుకుని లాగకూడదు. తర్వాత బెల్టు ప్లగ్గు, సీట్లో మనిషి ఉన్నదీ లేనిదీ చెప్పే ప్లగ్గు. కారు తలుపు గడప మీద పాత దుప్పటి పరిచింది అత్తగారు. ఇద్దరూ చెరోవైపు పట్టుకున్నారు.

"నడుముతో ఎత్తకు. మోకాళ్ళు వంచు," అంది.

"వంచాను."

"వంచితే నీ తల నాకెందుకు కనిపిస్తోంది?"

సీటు బయటికి వచ్చింది. రెండోది కూడా వచ్చింది. కింద కార్పెట్టు మీద పాలు పొర కట్టి, ఎండి, చీలికలు వేసింది. దాంట్లో ఎర్ర పెన్నులు అతుక్కుని ఉన్నాయి. అత్తగారు ఒక్కొక్కటే పీకి డబ్బాలో వేసింది.

"ఇన్ని ఎర్ర పెన్నులు ఇక్కడున్నాయంటే కొందరు పిల్లలు పాసై ఉంటారు," అంది.

ఉతుకు పని ఆవిడది. బ్రష్షు, సబ్బు నురగ, నీళ్ళు పీల్చే మిషను. ఎక్కడ మరక ఎంత లోతుకి దిగిందో వేలితో నొక్కి చూసుకుంటుంది. అల్లుడు గాలి మిషను పెట్టి ఆరబెట్టాడు. ఆ మిషను హోరులో నిలబడి కూడా నిద్రపోవచ్చని ఆ రోజే తెలిసింది అతనికి. గోడకి ఆనుకుంటే చాలు.

మధ్యాహ్నానికి కార్పెట్టు ఆరింది. వాసన పోయింది. సీట్లు లోపల పెట్టారు. ప్లగ్గులు ఒక్కొక్కటే టక్కున కూర్చునేదాకా నొక్కాడు. బోల్టులన్నీ ముందు వేళ్ళతో తిప్పాడు. ఒకదాన్ని ముందే బిగించేస్తే మిగతావి రంధ్రాల్లో సరిగా పడవు. అన్నీ వేళ్ళతో పట్టించాకే పానా తీయాలి.

ఆ పానాని టార్క్ రెంచి అంటారు. షెడ్డులో క్లిక్కు పానా అంటారు. ఎంత బిగువు కావాలో దాని పిడి మీద పెట్టుకుంటే, అంత బిగువు రాగానే చేతిలో క్లిక్కుమంటుంది. క్లిక్కుమన్నాక బోల్టు తల మీంచి కింద సీటు జరిగే ఇనప పట్టా మీదికి తెల్ల పెయింటుతో ఒక గీత గీస్తారు. బోల్టు ఏ కాస్త తిరిగినా గీత రెండు ముక్కలుగా కనిపిస్తుంది. విప్పినవాళ్ళే బిగించాలి, రెండోవాళ్ళు గీతలు చూశాకే తాళం ఓనరుకి ఇవ్వాలి. ఇది మామగారు పెట్టిన పద్ధతి. ఈ పద్ధతి వల్ల ఆయన ఉన్నన్నాళ్ళూ షెడ్డులోంచి వదులు సీటు ఒక్కటి కూడా బయటికి పోలేదు.

డ్రైవరు సీటు నాలుగు బోల్టులూ బిగించాడు. గీతలు గీశాడు. అంతలో ఫోను మోగింది. భార్య.

"పిల్ల ఒళ్ళు కాలిపోతోంది. అమ్మని పిలువు."

షెడ్డులో సరిగా వినిపించక బయటికి నడిచాడు. "థర్మామీటరు పెట్టావా?"

"పెడుతున్నా. ఉండు. ఫోను పెట్టెయ్యకు."

ఉన్నాడు. ఎండలో నిలబడి, ఫోనులోంచి పిల్ల ఏడుపు వింటూ ఉన్నాడు. చాలాసేపటికి భార్య గొంతు వచ్చింది.

"జ్వరం లేదు. దుప్పట్లు ఎక్కువయ్యాయి. మూడు కప్పాను. నాకే తెలియలేదు, నిద్రలో కప్పినట్టున్నాను."

"రెండు తీసెయ్."

"తీసేశా. నవ్వుతోంది ఇప్పుడు."

"నవ్వుతుంది మరి. మనల్ని చూసి."

లోపలికి వచ్చాడు. డ్రైవరు సీటు మూతలు పెట్టాడు. క్లిక్కు పానా పిడిని సున్నాకి తిప్పి, గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టాడు. వాడాక సున్నాకి తిప్పకపోతే లోపలి స్ప్రింగు పాడవుతుంది. చేతులు వాటంతటవే ఆ పని చేసుకుపోయాయి. బ్యాటరీ వైరు తగిలించాడు. అత్తగారు తాళం తిప్పింది. మీటర్లో లైట్లన్నీ వెలిగి, వెలగాల్సినంతసేపు వెలిగి, ఆరిపోయాయి. అత్తగారు తాళం మళ్ళీ జేబులో వేసుకుని గుండీ పెట్టి, టార్చి తీసుకుని సీట్ల కిందికి వంగింది. అప్పటికే టీచరమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది.

"అయ్యిందా? అమ్మ రెడీ అయి కూర్చుంది."

"అయ్యింది," అంది అత్తగారు నడుము పట్టుకుని లేస్తూ. జేబు గుండీ విప్పి తాళం ఇచ్చింది.

టీచరమ్మ లోపల కూర్చుని ఊపిరి పీల్చింది. "ఏ వాసనా లేదు," అంది. కారు వెళ్ళిపోయింది.

అత్తగారు మరో కారు సీటు గుడ్డ ఉతకడం మొదలుపెట్టింది. అల్లుడు చేతులు కడుక్కుని, భార్యకి ఫోను చేద్దామని జేబులో చెయ్యి పెట్టాడు. ఫోనుతో పాటు వేళ్ళకి ఇంకేవో తగిలాయి. బయటికి తీశాడు. రెండు ప్లాస్టిక్ మూతలు.

వాటివైపు చూస్తూ నిలబడ్డాడు. డ్రైవరు సీటువి పెట్టాడు. పెట్టినట్టు బొటనవేలికి గుర్తుంది. ఇవి రెండో సీటువి. మూతలు పెట్టేది బిగించాక. మూతలు పెట్టలేదంటే.

బిగించాడా? గుర్తు తెచ్చుకోవడానికి చూశాడు. క్లిక్కు వినిపించింది. నాలుగుసార్లు వినిపించిందా, ఎనిమిదిసార్లా? ఏ రోజు క్లిక్కు? నిన్నటి కారుదా, మొన్నటిదా? నిద్రలేని రోజులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయి.

"అత్తయ్యా," అన్నాడు. "ఎడమ సీటు నేను బిగించానా?"

"నన్నడుగుతావేం? బిగించావు. గీతలున్నాయి. చూసే తాళం ఇచ్చాను." ఆవిడ చేతిలో బ్రష్షు ఆగలేదు. "మూతలు మర్చిపోయావు. చెబుదామనుకునేలోపు ఆవిడ వచ్చేసింది."

"గీతలు చూశారా?"

"చూశానని చెప్పానుగా. తెల్లగా ఉన్నాయి."

"నిలువుగా ఉన్నాయా, వాలుగా ఉన్నాయా?"

బ్రష్షు ఆగింది.

అల్లుడి గీత పొట్టిగా, నిలువుగా ఉంటుంది. మామగారి గీత పొడుగ్గా, వాలుగా, కొసలో కొంచెం వంకర తిరిగి ఉంటుంది. టీచరమ్మ కారు వానకి తడిసిన ఏడాది ఆ సీట్లు బిగించింది ఆయన. సీటు చాటున ఎండ తగలక ఆ పెయింటు చెక్కుచెదరలేదు. బోల్టు విప్పినప్పుడు పాత గీత తుడవాలని పద్ధతిలో లేదు. ఒకే కారు సీట్లు రెండుసార్లు ఊడదీయాల్సి వస్తుందని ఆయన అనుకోలేదు.

"వాలుగా," అంది అత్తగారు.

ఆవిడ లేచి నిలబడింది. చేతుల నురగ ఏప్రన్‌కి తుడుచుకుంది.

"ఆయన గీత అని తెలిసింది నాకు. చూసినప్పుడే తెలిసింది. తెలిసి, ఇంకేం, బిగిసే ఉంటుందనుకున్నాను." ఏప్రన్ ముడి బిగించుకుంది. "ముక్కలైందో లేదో చూడలేదు."

అల్లుడు అప్పటికే టీచరమ్మకి ఫోను చేస్తున్నాడు. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్ళీ చేశాడు.

"ఎత్తదు. బండి నడిపేటప్పుడు ఫోను సంచిలో పడేస్తుంది. పొద్దున నాతోనే చెప్పింది," అంది అత్తగారు. "క్లిక్కు పానా తీసుకో. సాకెట్టు తీసుకో. పెయింటు కూడా. స్కూటరు తియ్యి."

"మీరెందుకు? నేను వెళ్తాను."

"నువ్వు దారిలో నిద్రపోతే లేపడానికి."

షెడ్డు తలుపు దగ్గరగా వేసి బయల్దేరారు. ఆవిడ వెనక కూర్చుని పానా పెట్టె ఒళ్ళో పెట్టుకుంది. టీచరమ్మ ఇల్లు గ్రంథాలయం వెనక వీధిలో. వెళ్ళేసరికి తలుపుకి తాళం వేసి ఉంది. పక్కింటామె బట్టలు ఆరేస్తోంది.

"ఇప్పుడే వెళ్ళారు," అంది. "పెద్దావిడని ముందు సీట్లో దిండు పెట్టి కూర్చోబెట్టడానికి నేనే సాయం పట్టాను. ఏం, ఏదైనా మర్చిపోయారా?"

"అవును," అన్నాడు అల్లుడు. స్కూటరు తిప్పాడు.

వేళ్ళతో పట్టించిన బోల్టు వెంటనే ఊడిరాదు. ఖాళీ సీటు కిక్కురుమనకుండా కూర్చుంటుంది. మనిషి బరువు పడి, రోడ్డు కుదుపులు తగిలే కొద్దీ అది కొంచెం కొంచెం తిరుగుతుంది. గట్టిగా బ్రేకు వేసిన రోజున సీటు మనిషితో సహా ముందుకి లేస్తుంది. బెల్టు గొళ్ళెం కూడా ఆ సీటుకే బిగించి ఉంటుంది. సీటు వదులైతే బెల్టు ఉండీ లేనట్టే. ఇదంతా అతనికి తెలుసు. తెలిసినదంతా వరసగా బుర్రలోకి వస్తోంది. పొద్దున్నుంచి పనిచేయని బుర్ర ఇప్పుడే పనిచేయడం మొదలుపెట్టింది.

"మరీ అంత తొందరపడకు," అంది అత్తగారు చెవి దగ్గర. "ఆ టీచరమ్మ నడిపితే వెనక నత్తలు హారన్ కొడతాయి. దొరుకుతుంది."

"ఏమని చెప్పను?"

"ఏముంది. చిన్న చెకింగ్ మిగిలిపోయింది, అందరికీ చేస్తాం, మీరు తొందరపడ్డారు కాబట్టి ఉండిపోయింది, అని చెప్పు. ఒక నిమిషంలో బిగించేసి వచ్చేద్దాం. పెద్దావిడని హడలగొట్టకు."

"సరే."

"నిద్ర వస్తోందా?"

"రావడం లేదు."

"అబద్ధం చెప్పకు."

"నిజంగానే రావడం లేదు అత్తయ్యా."

ఊరు దాటాక రైలు గేటు వేసి ఉంది. గేటు ముందు లారీలు, కార్లు బారులు తీరి ఉన్నాయి. స్కూటరు పక్కనుంచి పోనిచ్చాడు. ఒక్కో కారులోకి తొంగి చూస్తూ వెళ్ళాడు. గేటుకి దగ్గర్లో ఆ కారు కనిపించింది. ముందు సీట్లో తెల్లజుట్టు, దాని పక్కన దిండు అంచు. కాలు నేలకి ఆనించి స్కూటరు ఆపాడు.

"ఆగావేం," అంది అత్తగారు.

అద్దం మీద కొట్టాడు. టీచరమ్మ ఉలిక్కిపడి అద్దం దించింది. "మీరా? ఏమైంది?"

"గేటు తీశాక ఆ టైర్ల కొట్టు ముందు ఆపండి. నెమ్మదిగా. చాలా నెమ్మదిగా."

రైలు వెళ్ళింది. గేటు లేచింది. కారు పట్టాలు దాటుతుంటే అల్లుడు చక్రాలనే చూశాడు. ఒక పట్టా, ఇంకో పట్టా. టైర్ల కొట్టు ఆ రోజు మూసి ఉంది. దాని ముందున్న చదును నేలలో కారు ఆగింది.

పెద్దావిడని దించడానికి టైము పట్టింది. అత్తగారు ఒక చంక కింద చెయ్యి వేసింది, టీచరమ్మ ఇంకో వైపు. ఆపరేషన్ అయిన కాలు ముందు బయటికి, తర్వాత రెండోది. కొట్టు అరుగు మీద దిండు వేసి కూర్చోబెట్టారు.

"ఏమిటి నాయనా ఇదంతా?" అంది పెద్దావిడ.

"ఏం లేదు మామ్మగారూ. చిన్న చెకింగ్ మిగిలిపోయింది..." అన్నాడు అల్లుడు. దారంతా అనుకుంటూ వచ్చిన మాటే. నోట్లోంచి వచ్చాక ముందుకి కదల్లేదు.

"ఏం చెకింగ్?" అంది టీచరమ్మ.

అతను సీటు వీపు మీద చెయ్యి వేసి లాగాడు. సీటు కింద ఎక్కడో కిర్రుమంది. వెనక భాగం వేలు దూరేంత పైకి లేచి, మళ్ళీ కింద కూర్చుంది. టీచరమ్మ దాన్ని చూసింది. మళ్ళీ లాగమని అడగలేదు.

"బిగించలేదమ్మా," అంది అత్తగారు. "బోల్టులు వేళ్ళతో పెట్టి వదిలేశాం. చూడాల్సింది నేను. చూడకుండానే చూశాననుకుని తాళం మీ చేతికిచ్చాను."

"బిగించాల్సింది నేను," అన్నాడు అల్లుడు.

టీచరమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. క్లాసులో ఇద్దరు పిల్లలు తప్పు నాదంటే నాదని లేచి నిలబడితే ఏం చేస్తుందో తెలియదుగాని, అప్పుడు మాత్రం ఏం చేయాలో తోచనట్టు తాళంచెవి తీసి అత్తగారి చేతిలో పెట్టింది. అత్తగారు అలవాటుగా జేబులో వేసుకుని గుండీ పెట్టింది.

అల్లుడు మోకాళ్ళ మీద కూర్చుని వంగాడు. నాలుగు బోల్టుల మీదా వాలుగీత ఉంది. బోల్టు తల మీద సగం, పట్టా మీద సగం, రెండు సగాలూ రెండు వైపులకి పోయి ఉన్నాయి. వెనక కుడివైపు బోల్టుని వేళ్ళతో తిప్పితే తిరిగింది. డబ్బా మూత తిరిగినట్టు తిరిగింది.

"పాత గీతలు తుడిచేయాలి," అన్నాడు. "థిన్నరు గుడ్డ పెట్టెలో ఉందా?"

"ఇటు జరుగు."

"నేను తుడుస్తానులెండి."

"జరగమన్నాను."

అత్తగారు అతని పక్కన మోకాళ్ళ మీదికి దిగింది. గుడ్డ వేలికి చుట్టుకుని ఒక్కో బోల్టూ తుడిచింది. మరకలు పోగొట్టడంలో ఆవిడ చేతికి తిరుగులేదు. వీటికి మాత్రం కాస్త ఎక్కువసేపే పట్టింది. నాలుగోది తుడిచాక గుడ్డ మడిచి పెట్టెలో పెట్టి, అరుగు మీదికి వెళ్ళి పెద్దావిడ పక్కన కూర్చుంది.

అల్లుడు పానా పిడి తిప్పి అంకె రెండుసార్లు చూసుకున్నాడు. ముందు రెండు, వెనక రెండు. ఒక్కో క్లిక్కుకీ ఆగి, మళ్ళీ పెట్టి, మళ్ళీ క్లిక్కుమనిపించాడు. పొట్టిగా, నిలువుగా గీతలు గీశాడు. మూతలు పెట్టాడు. అత్తగారు వచ్చి మూతలు తీయించి, టార్చి వేసి, గీత గీతనీ వేలితో తాకి చూసింది. మళ్ళీ మూతలు పెట్టించింది.

"అయ్యింది," అన్నాడు లేచి.

"ఇందాక కూడా అయ్యిందనే అన్నారు," అంది టీచరమ్మ. గొంతు పెంచలేదు. తాళం కోసం చెయ్యి చాపింది. "ఆ సీట్లో మీరు కూర్చోండి."

అతను కూర్చున్నాడు. బెల్టు పెట్టుకున్నాడు. టీచరమ్మ రోడ్డు ఖాళీ అయ్యేదాకా ఆగి, కారు వేగం పెంచి, బ్రేకు మీద కాలేసి తొక్కింది. బెల్టు అతని ఛాతీని పట్టి ఆపింది. సీటు కదల్లేదు. ఆవిడ మళ్ళీ వేగం పెంచి మళ్ళీ తొక్కింది. మూడోసారి కూడా. ఆ తర్వాత కారు పక్కకి ఆపి, స్టీరింగు పట్టుకునే కూర్చుంది.

"ఇందాక గేటు దగ్గర లారీ ఒకటి అడ్డం వచ్చింది," అంది. "బ్రేకు వేయబోయి, అమ్మకి కుదుపు తగులుతుందని పక్కకి తిప్పాను."

అతను రెండు చేతులతో సీటు అంచు పట్టుకుని ఇంకోసారి లాగి చూశాడు.

తిరిగి వచ్చాక టీచరమ్మ దిగి ముందు తలుపు తెరిచింది. "రా అమ్మా. గట్టిగా ఉంది. నేను చూశాను."

పెద్దావిడ అరుగు మీంచి లేవడానికి అత్తగారి భుజం పట్టుకుంది. కారుదాకా నడిచింది. ముందు సీటు వైపు చూసింది. వెనక తలుపు పిడి మీద చెయ్యి వేసింది.

"వెనక కూర్చుంటానే. ముందు కూర్చుంటే నీ డ్రైవింగు చూడాల్సొస్తోంది."

"వెనక కాలు పట్టదమ్మా. డాక్టరు ఏమన్నారు?"

"అడ్డంగా చాపుకుంటాను. డాక్టరుకి చెప్పకు."

అల్లుడు తలుపు తీశాడు. వెనక సీటు ఇరుకు. కాలు లోపలికి పెట్టేటప్పుడు ఆవిడ పెదవి కొరుక్కోవడం అతనికి కనిపించింది. కూర్చున్నాక అతని వైపు చూసింది.

"వాసన మాత్రం బాగా పోగొట్టారు నాయనా," అంది.

దిండు ఆవిడకి అందించి తలుపు మెల్లగా వేశాడు. టీచరమ్మ వాళ్ళిద్దరికీ తల ఊపింది. వెళ్ళొస్తానని గాని, మళ్ళీ వస్తానని గాని అనలేదు. కారు రోడ్డెక్కింది. వెనక అద్దంలోంచి అడ్డంగా వాలిన తెల్లజుట్టు కనిపిస్తోంది. ముందు సీటు ఖాళీగా ఉంది.

మలుపు తిరిగేదాకా ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు. అల్లుడు ఆవిడ "అల్లుడుగారూ" అంటుందని ఎదురు చూశాడు. ఆవిడ అనలేదు. పానా పిడి సున్నాకి తిప్పి, గుడ్డలో చుట్టి, తనే పెట్టెలో పెట్టింది.

"నన్ను ఇంటి దగ్గర దించు," అంది. "పిల్లని నేను చూసుకుంటాను. మీ ఆవిణ్ణి పడుకోమను. నువ్వూ పడుకో."

"షెడ్డులో ఇంకో కారు సీట్లు బయటే ఉన్నాయి అత్తయ్యా. రేపు పొద్దున్నే ఇవ్వాలి."

"ఆలస్యమవుతుందని ఫోను చేస్తాను. నిద్రపోయి లేచేదాకా నువ్వు ఏ బోల్టూ ముట్టుకోవద్దు."

"వాళ్ళు ఊరుకోరు."

"తిడతారు. పడదాం."

స్కూటరు తీశాడు. ఆవిడ పెట్టె ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చుంది. రైలు గేటు మళ్ళీ వేసి ఉంది. ఇంజను ఆపేశాడు. ఎదురుగా పట్టాలు, వాటి మీద ఏమీ లేదు. కాసేపటికి ఆవిడ చెయ్యి అతని భుజం మీద పడింది. గట్టిగా పట్టుకుంది.

"పడుకోలేదు అత్తయ్యా," అన్నాడు.

"తెలుసు," అంది ఆవిడ. చెయ్యి తీయలేదు.